మీ గిన్నెలో ఏముంది? జర్మనీ సాసేజ్ సూప్ వెనక ఉన్న కథ

ఈ ఎపిసోడ్‌లో రాజుల గురించి, కోటల గురించి చెప్పట్లేదు. పొయ్యి మీదున్న ఒక గిన్నె గురించి చెప్పుకుందాం. అందులో ఉడికేది సాసేజ్, కూరగాయలు, పప్పు. జర్మనీలో ఏ ఇంట్లో అడిగినా "మా అమ్మమ్మ చేసేది" అంటారు.

1933 అక్టోబరు 1. జర్మనీలో ఆదివారం. మనకి ఆదివారం అంటే చికెనో మటనో ఉన్నట్టే, వాళ్లకి ఆదివారం అంటే పెద్ద మాంసం ముక్క వేయించిన రోస్ట్, పక్కన బంగాళాదుంపలు, పైన గ్రేవీ. కానీ ఆ రోజు అది వద్దన్నారు. ప్రతి ఇంట్లో ఒకే గిన్నెలో, అన్నీ కలిపి ఉడికించిన వంట మాత్రమే చేసుకోవాలి. మనిషికి 50 ఫెనిగ్‌లు దాటకూడదు. ఫెనిగ్ అంటే వాళ్ల పైసా అనుకోండి. రోస్ట్ మానేయడం వల్ల మిగిలిన డబ్బుని, తలుపు దగ్గరికి వచ్చే కార్యకర్త చేతిలో పెట్టాలి.

హిట్లర్ గద్దెనెక్కి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అంత హడావుడిలో సూప్ గిన్నెలో వేలు పెట్టాల్సిన పనేంటి? దీనికి సమాధానం కావాలంటే ఇంకో 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఆ గిన్నెలోకి తొంగి చూసినవాళ్లలో హిట్లర్ మొదటివాడేమీ కాదు.

ముందు ఆ సూప్ ఏంటో చెప్తాను. జర్మనీ మార్కెట్లో "జుప్పెన్‌గ్ర్యూన్" అని ఒక కట్ట అమ్ముతారు. సూప్‌కి వేసే కూరగాయలన్నమాట. రెండు క్యారెట్లు, ఒక లీక్, అంటే లావుపాటి ఉల్లికాడ లాంటిది, ఒక సెలరీ దుంప ముక్క, కాస్త పార్స్‌లీ. మన దగ్గర కూరగాయలు కొంటే కొత్తిమీర, కరివేపాకు చేతిలో పెడతారు చూడండి, ఆ ధోరణే. దీనికి ఎండు బఠాణీలో, మసూర్ లాంటి పప్పో, బంగాళాదుంపలో చేరిస్తే సూప్‌కి ఒళ్లు వస్తుంది. చివర్లో సాసేజ్. మాంసం తక్కువ, రుచి ఎక్కువ. ఎండు చేపలు నాలుగు వేసి వంకాయ కూర మొత్తానికి వాసన తెప్పిస్తాం కదా, పేదింటి లెక్క ఎక్కడైనా ఒకటే.

ఈ గిన్నెలోకి మొదట చూసిన పెద్దమనిషి జర్మన్ కూడా కాదు. అమెరికాలో పుట్టిన బెంజమిన్ థాంప్సన్. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల పక్షం వహించి, తర్వాత యూరప్ వెళ్లిపోయి, బవేరియా పాలకుడి దగ్గర పెద్ద ఉద్యోగంలో చేరాడు. చరిత్రలో కౌంట్ రంఫోర్డ్ అనే పేరుతో గుర్తున్నాడు. ఫిజిక్స్ చదివినవాళ్లకి తెలిసుండొచ్చు. ఫిరంగి గొట్టాలకి రంధ్రం వేస్తుంటే వేడి పుట్టడం చూసి, వేడి అనేది పదార్థం కాదు, కదలిక అని వాదించింది ఈయనే.

1790 జనవరి 1న మ్యూనిక్ వీధుల్లో బిచ్చగాళ్లందరినీ సైనికులతో పట్టించి, ఒక పనిశాలలో పెట్టాడు. పని చేస్తే తిండి. మరి అంతమందికి అతి చవకగా ఏం పెట్టాలి? ప్రయోగాలు మొదలుపెట్టాడు. బార్లీ గింజలు, బఠాణీలు, బంగాళాదుంపలు, ఉప్పు, కొంచెం వెనిగర్, బోలెడు నీళ్లు. గంటల తరబడి సన్నని మంట మీద ఉడికించడం. దీన్నే రంఫోర్డ్ సూప్ అన్నారు. మాంసం లేదు. రొట్టె ముక్కలు మాత్రం చివర్లో వేసేవారు. ఎందుకో తెలుసా? గట్టి రొట్టె నమలడానికి టైమ్ పడుతుంది కాబట్టి, తిన్న తృప్తి ఎక్కువసేపు ఉంటుందట! మనిషి ఆకలిని ఎంత లెక్కగా చూశాడో చూడండి.

ఇంకో సంగతి. అప్పట్లో అక్కడి జనానికి బంగాళాదుంప అంటే ఇష్టం ఉండేది కాదు. అందుకని వాటిని ఆనవాలు లేకుండా ఉడికించి, చెప్పకుండా కలిపేశాడు. జనం అలవాటుపడ్డాకే అసలు విషయం బయటపెట్టారు. ఈ సంగతి ఆయనే తన వ్యాసంలో సంతోషంగా రాసుకున్నాడు. ఆయన సూప్ తర్వాత యూరప్‌లో చాలా ఊళ్లకి పాకింది. ఎందరి ఆకలో తీరింది, నేను కాదనను. కానీ తినేవాడికి గిన్నెలో ఏముందో చెప్పాల్సిన అవసరం లేదు అనే ఆలోచన అక్కడే కనిపిస్తుంది.

గిన్నెలో ఏముందో తెలియకపోతే ఏమవుతుంది? ఇక్కడ సాసేజ్ కథ చెప్పాలి. ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

జర్మనీకి నైరుతిలో వుర్టెంబెర్గ్ అని ఒక రాజ్యం. 1793లో అక్కడ విల్డ్‌బాడ్ అనే ఊళ్లో ఒకే సాసేజ్‌ని పంచుకుని తిన్న 13 మంది జబ్బు పడ్డారు. ఆరుగురు చనిపోయారు. ఆ తర్వాత నెపోలియన్ యుద్ధాలతో జనం ఇంకా చితికిపోయారు. కట్టెలు పొదుపు, ఉప్పు పొదుపు, శుభ్రత అంతంత మాత్రం. పంది పొట్ట సంచిలో రక్తం, కాలేయం కూరి, పైపైన ఉడికించి, పొగ పెట్టి, నెలల తరబడి దాచుకునేవారు. తిన్నవాళ్లలో కొందరికి చూపు రెండుగా కనిపించేది, నోరు ఎండిపోయేది, మింగలేకపోయేవారు, చివరికి ఊపిరి ఆగిపోయేది. మనిషికి స్పృహ మాత్రం పోదు.

దీని వెంట పడిన డాక్టర్ పేరు యుస్టినుస్ కెర్నర్. ఈయన పేరున్న కవి కూడా. పల్లెల్లో కేసులన్నీ సేకరించాడు. 1822లో వేసిన పుస్తకంలో 155 మంది రోగుల వివరాలు ఉన్నాయి. జంతువుల మీద పరీక్షించి, అది చాలక ఆ సాసేజ్ సారాన్ని తన నాలుక మీదే వేసుకుని చూశాడు. (దయచేసి ఎవరూ ఇంట్లో ట్రై చేయకండి!) గాలి తగలని చోటే ఈ విషం పుడుతుందని, అది నరాల మీద పనిచేస్తుందని అప్పుడే పట్టేశాడు. ఇంకా ముందుకెళ్లి, అతి తక్కువ మోతాదులో ఇది మందుగా కూడా పనికిరావచ్చని ఊహించాడు.

సూక్ష్మజీవి దొరకడానికి ఇంకో 70 ఏళ్లకు పైగా పట్టింది. బెల్జియం శాస్త్రవేత్త ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ 1897లో దాని గురించి ప్రచురించాడు. లాటిన్‌లో సాసేజ్‌ని బోటులుస్ అంటారు. అందుకే ఆ జబ్బు పేరు బోటులిజం. ఆ విషాన్నే ఇప్పుడు అతి చిన్న మోతాదులో మొహం మీద ముడతలు పోవడానికి ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు, బోటాక్స్ అని. సినిమా వాళ్ల మీద మీమ్స్ వేసేటప్పుడు కెర్నర్ గారిని కూడా ఒకసారి తలుచుకోండి.

సరే, ఇప్పుడు సైన్యం దగ్గరికి వద్దాం. 1867లో బెర్లిన్‌లో యోహాన్ హైన్‌రిష్ గ్రూనెబెర్గ్ అనే వంటవాడు ఒక ఐడియా వేశాడు. బఠాణీ పిండి, పంది కొవ్వు, ఉల్లి, ఉప్పు, మసాలా అన్నీ కలిపి ముద్ద చేసి, సాసేజ్ ఆకారంలో గట్టిగా చుట్టాడు. ఒక ముక్క కోసి వేడి నీళ్లలో వేసి కలిపితే చిక్కటి బఠాణీ సూప్ రెడీ. జర్మన్‌లో "ఎర్బ్స్‌వుర్స్ట్", అంటే బఠాణీ సాసేజ్. ప్రష్యా ప్రభుత్వం ఆ ఫార్ములాని డబ్బిచ్చి కొనేసింది. 1870లో ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చేసరికి బెర్లిన్‌లో ఫ్యాక్టరీ పెట్టి టన్నుల కొద్దీ చేసి పంపారు. అన్నిటికి పేగులు ఎక్కడ దొరుకుతాయి? దాంతో జిడ్డు పీల్చని కాగితంలో చుట్టేశారు. పేరేమో సాసేజ్, లోపల బఠాణీ పిండి, పైన కాగితం!

చలిలో నిలబడ్డ సైనికుడికి అది ప్రాణం నిలబెట్టే తిండే. కాకపోతే పొద్దున అదే, మధ్యాహ్నం అదే, రాత్రి అదే. హాస్టల్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

యుద్ధం అయిపోయాక ఆ ఐడియా వంటింట్లోకి వచ్చింది. 1889 నుంచి హైల్‌బ్రోన్ ఊళ్లో ఉన్న క్నోర్ కంపెనీ ఆ బఠాణీ సాసేజ్‌ని తయారుచేసి దుకాణాల్లో అమ్మింది. మన కిరాణా షాపులో నార్ సూప్ ప్యాకెట్ చూస్తారు కదా, ఆ నార్ ఇదే. పక్క దేశం స్విట్జర్లాండ్‌లో దాదాపు అదే టైమ్‌లో ఇంకో కథ నడిచింది. ఆడవాళ్లు ఫ్యాక్టరీల్లో రోజంతా పనిచేస్తున్నారు. ఇంటికొచ్చి గంటల తరబడి పప్పు ఉడికించే ఓపిక, టైమ్ ఎక్కడివి? కార్మికుల ఇళ్లలో పోషకాహారం తగ్గిపోతోందని ఫ్రిడోలిన్ షూలర్ అనే డాక్టర్ మొత్తుకున్నాడు. దాంతో ఒక పిండి మిల్లు యజమాని త్వరగా ఉడికే పప్పు పిండులు, వాటితో రెడీమేడ్ సూప్‌లు తెచ్చాడు. ఆయన పేరు యూలియుస్ మాగీ. అవును, మీ మాగీనే. నూడుల్స్ మనదాకా వచ్చింది 1980లలో. దాని ముత్తాత మాత్రం ఫ్యాక్టరీ అమ్మల కోసం చేసిన పప్పు సూప్.

మొదటి ప్రపంచ యుద్ధం దగ్గర కథ చేదుగా మారుతుంది. బ్రిటన్ నౌకాదళం సముద్ర మార్గాలు మూసేసింది. 1916లో బంగాళాదుంప పంట దెబ్బతింది. ఆ చలికాలం జర్మన్లు పశువులకి వేసే రుటబాగా దుంపలు తిని బతికారు. రుటబాగా సూప్, రుటబాగా రొట్టె, చివరికి రుటబాగాతో జామ్. ఆ చలికాలానికి చరిత్రలో ఆ దుంప పేరే మిగిలిపోయింది.

సాసేజ్‌కి ఇంకో వింత కష్టం. లండన్ మీద బాంబులు వేసే జెప్పెలిన్‌ల లోపల గ్యాస్ సంచులు ఉంటాయి. గ్యాస్ లీక్ కాకుండా వాటికి పశువుల పేగు పైపొరలు అతికించేవారు. ఒక పెద్ద జెప్పెలిన్‌కి 2 లక్షలకు పైగా పశువుల పొరలు కావాలి. దాంతో పేగులు సైన్యానికే అని సాసేజ్ తయారీని కట్టడి చేశారు. సాసేజ్ చుట్టాల్సిన పేగు ఆకాశంలోకి ఎగిరిపోయింది!

అదే సమయంలో కొలోన్ నగరాన్ని చూసుకుంటున్న ఒక నాయకుడు, మాంసం బదులు సోయా వాడిన సాసేజ్ తయారుచేయించాడు. జర్మనీలో పేటెంట్ అడిగితే, మాంసం లేనిదాన్ని సాసేజ్ అనడానికి రూల్స్ ఒప్పుకోవని కొట్టేశారు. విచిత్రం ఏంటంటే శత్రుదేశం బ్రిటన్ 1918 జూన్‌లో, ఇంకా యుద్ధం నడుస్తుండగానే, దానికి పేటెంట్ ఇచ్చింది. ఆ నాయకుడు కొన్రాడ్ అడెనావర్. 1949లో పశ్చిమ జర్మనీకి మొదటి ఛాన్సలర్ అయింది ఈయనే.

ఈ ఆకలి జ్ఞాపకం జర్మన్ల ఒంట్లో ఉండగానే 1933 వచ్చింది. ఇక మొదట వదిలేసిన ఆదివారానికి వద్దాం.

ఆ పథకాన్ని "ఐన్‌టాప్ఫ్ ఆదివారం" అన్నారు. ఐన్ అంటే ఒకటి, టాప్ఫ్ అంటే గిన్నె. అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకో ఆదివారం. వసూలైన డబ్బు పేదలకి బొగ్గు, బట్టలు, తిండి ఇచ్చే శీతాకాల సహాయ నిధికి వెళ్తుందని చెప్పారు. వినడానికి ఎంత బాగుందో చూడండి. ధనవంతుడు, పేదవాడు ఆ రోజు ఒకే రకం తిండి తింటారు. మిగిలిన డబ్బు ఆకలితో ఉన్నవాడికి. ఎవరు కాదంటారు? హిట్లర్, గోబెల్స్ సూప్ ప్లేట్ ముందు కూర్చున్న ఫోటోలు పత్రికల్లో వేశారు. సైన్యం వంట బండ్లని నగర కూడళ్లలో పెట్టి బఠాణీ సూప్ వడ్డించారు. హోటళ్లకి కూడా జాబితా ఇచ్చారు. అలాంటి ఒక జాబితాలో ఉన్నవి మూడే: సాసేజ్ గానీ ఉప్పులో ఊరిన మాంసం గానీ వేసిన బఠాణీ సూప్, గొడ్డు మాంసంతో నూడుల్ సూప్, మాంసం వేసి ఉడికించిన కూరగాయల గిన్నె. ఇప్పుడు ఫోన్‌లో "హెల్దీ వన్ పాట్ మీల్" అని వెతికితే వచ్చేవి ఇవే.

పేరుకి స్వచ్ఛందం. కానీ తలుపు తట్టేది పార్టీ తాలూకు మనిషి. ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో వీధిలో అందరికీ తెలుస్తుంది. ఆ రోజుల్లో ఇవ్వను అనడం అంటే డబ్బు దగ్గర ఆగే విషయం కాదు. నువ్వు మాతో ఉన్నావా లేదా అనే ప్రశ్నకి జవాబు అన్నమాట.

ఇంకో లెక్క కూడా ఉంది. జర్మనీ కొవ్వులు, నూనెలు, పశువుల దాణా చాలావరకు విదేశాల నుంచి తెచ్చుకునేది. ఆ విదేశీ డబ్బు ఆయుధాల ముడిసరుకుకి కావాలి. ఇంట్లో రోస్ట్ తగ్గితే కొవ్వు, మాంసం ఆదా. అంటే యుద్ధం మొదలవ్వడానికి ఆరేళ్ల ముందే వంటింటికి యుద్ధం ప్రాక్టీస్ చేయించారని నా అభిప్రాయం. యుద్ధం వచ్చాక దాని పేరే మార్చేశారు, "త్యాగ ఆదివారం" అని.

మరి ఆ గిన్నె అందరిదీనా? కాదు. 1935లో న్యూరెంబర్గ్ చట్టాలు వచ్చిన కొద్ది రోజులకే యూదులని ఆ సహాయ నిధి నుంచి తీసేశారు. పేద యూదులకి సహాయం చేసే భారం యూదుల మీదే వేసి, వేరే నిధి పెట్టుకోమన్నారు. "మనమంతా ఒకే గిన్నెలో తింటున్నాం" అని పోస్టర్లు వేసిన దేశంలో, ఆ "మనం"లో ఎవరు లేరో అక్కడ తెలిసిపోయింది. సూప్ గురించి మాట్లాడుతూ ఇంత సీరియస్ అయిపోయానేంటి అనుకోకండి, చరిత్ర పుస్తకాల్లో ఇలాంటివి ఒక్క లైన్‌లో దాటేస్తారు.

ఇందులో నన్ను ఆశ్చర్యపరిచేది ఆ మాట సంగతి. పప్పు, దుంపలు, సాసేజ్ కలిపి ఉడికించడం వందల ఏళ్ల పాతది. ప్రాంతానికో పేరు ఉండేది. కానీ "ఐన్‌టాప్ఫ్" అనే మాట జర్మన్ల ప్రసిద్ధ నిఘంటువు డూడెన్‌లోకి ఎక్కింది 1934లో. ప్రచారం వల్ల ఊరూరా వ్యాపించిన మాట అది. ఇవాళ జర్మన్ కుర్రాడికి అది అచ్చంగా అమ్మమ్మ వంట. రెడ్‌క్రాస్ వాళ్లు, ఫైర్ సర్వీస్ వాళ్లు ఊరి పండగల్లో పెద్ద వంట బండిలో బఠాణీ సూప్ వండి పెడతారు. ఆ బండికి ముద్దుపేరు "గూలాష్ ఫిరంగి", దాని పొగగొట్టం ఫిరంగిలా ఉంటుందని. ఇక గ్రూనెబెర్గ్ బఠాణీ సాసేజ్ 150 ఏళ్లు బతికి, కొనేవాళ్లు తగ్గి, 2018 చివర్లో ఆగిపోయింది.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే సంగతి. మన తెలుగు పిల్లలు జర్మనీలో వేలమంది చదువుతున్నారు, వాళ్లకి ఇది నెల చివర్లో బాగా పనికొస్తుంది. హైదరాబాద్‌లో అయినా, విజయవాడలో అయినా చేసుకోవచ్చు. నలుగురికి పావు కేజీ పచ్చ బఠాణీ పప్పు, లేదా పొట్టు తీయని మసూర్. కాసేపు నానబెట్టండి. గిన్నెలో కొంచెం నూనె వేసి ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, లీక్ దొరక్కపోతే ఉల్లికాడల తెల్ల భాగం వేసి మెత్తబడనివ్వండి. పప్పు, బిర్యానీ ఆకు, నీళ్లు పోసి ఉడికించండి. సగం ఉడికాక బంగాళాదుంప ముక్కలు. కుక్కర్ వాడతానంటే వాడండి, జర్మన్లు చూడరు.

సాసేజ్ చివర్లో. ముందే ఉడికించి అమ్మే రకమైతే సన్నని సెగ మీద పది నిమిషాలు చాలు, తెర్ల కాగితే పగిలిపోతుంది. పచ్చిదైతే ప్యాకెట్ మీద రాసింది చదివి, పూర్తిగా ఉడికించాలి. సాసేజ్‌లో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి సూప్‌కి ఉప్పు ఆఖర్న రుచి చూసి వేయండి.

ఇక "హెల్దీ" అనే మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2015లో సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్డ్ మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ దాదాపు 18 శాతం పెరుగుతుందని లెక్క. రోజూ తినేవాళ్ల సంగతి అది, ఎప్పుడో ఒకసారి తిన్నందుకు భయపడక్కర్లేదు. ఇందులో ఒక మెలిక ఉంది. కెర్నర్ వెతికిన ఆ విషం పుట్టకుండా సాసేజ్‌లో నైట్రైట్ కలుపుతారు. క్యాన్సర్ విషయంలో అనుమానం ఉన్నవాటిలో అదే నైట్రైట్ కూడా ఒకటి. కాబట్టి పాత పేదింటి కొలతే మేలు: నలుగురి గిన్నెకి రెండు సాసేజ్‌లు, మిగతాదంతా పప్పు, కూరగాయలు. అసలు సాసేజ్ వేయకపోయినా సూప్ సూపే.

దించేముందు ఒక చెంచా వెనిగర్ వేయండి. పప్పు సూప్‌లో పులుపు పడాల్సిందే అంటారు దక్షిణ జర్మనీ వాళ్లు. కానీ మొదట్లోనే వేస్తే పప్పు ఉడకదు. చింతపండు పులుసు ఎప్పుడు పోయాలో మీ అమ్మని అడగండి, అదే లెక్క.